పది అడుగుల రింగు, పదకొండేళ్ల పిల్లలు: ప్రాక్టీసులో వచ్చే ఆట మ్యాచ్‌లో ఎందుకు రావడం లేదు?

#1 బైరాగిపట్టెడ_బంతి

తిరుపతిలో ఒక పాఠశాల సిమెంటు కోర్టులో ఏడాదిగా పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతున్నాను. నేను వృత్తిరీత్యా కోచ్‌ను కాను. కళాశాల రోజుల్లో ఆడిన అనుభవం తప్ప నా దగ్గర సర్టిఫికెట్ ఏదీ లేదు. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలు 22 మంది, రింగులు రెండు, బంతులు ఐదు. ఎండ తగ్గాక ఐదున్నరకు మొదలుపెట్టి ఏడు గంటలకు ముగిస్తాను.

ప్రాక్టీసులో వీళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. కోన్ల మధ్య నుంచి రెండు చేతులతోనూ బంతిని నేలకు కొడుతూ డ్రిబుల్ చేస్తారు, వరుసలో నిలబడి లేఅప్ (రింగు దగ్గరకు పరుగెత్తి వేసే షాట్) వేస్తే పదిలో ఆరేడు పడతాయి. పోయిన ఆదివారం చిత్తూరు వెళ్లి అక్కడి పిల్లలతో స్నేహపూర్వక మ్యాచ్ ఆడితే 31-8తో ఓడిపోయాము. ఓటమి గురించి నాకు బాధ లేదు, కానీ ప్రాక్టీసులో చేసిన పని ఒక్కటి కూడా అక్కడ కనిపించలేదు. కోన్ల దగ్గర అందరికంటే చురుకైన పన్నెండేళ్ల అబ్బాయి బంతి అందుకుని, ఎదురుగా ఒకడు చేతులు చాపి నిలబడేసరికి, ఉన్నచోటనే తల దించుకుని డ్రిబుల్ చేస్తూ ఉండిపోయాడు. కొంతసేపటికి బంతిని రెండు చేతులతో పట్టేసుకుని నా వైపు చూశాడు. ఇప్పుడు ఏం చేయాలి సార్ అని అడిగినట్టుంది ఆ చూపు. నా దగ్గరా సమాధానం లేదు.

తల్లిదండ్రులు మాత్రం పిల్లలకు దమ్ము లేదు, ఇంకా పరుగెత్తించండి అంటున్నారు. నేర్పడంలో నేను ఎక్కడ తప్పుతున్నానో అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరా?

#2 ఈల_రెఫరీ

రెండు వివరాలు ఇవ్వండి. మీ తొంభై నిమిషాలు దేనికి ఎంత ఖర్చవుతున్నాయి, ఆ మ్యాచ్‌లో మీ పిల్లల మీద ట్రావెలింగ్ (బంతి పట్టుకుని అనుమతికి మించి అడుగులు వేయడం) ఎన్నిసార్లు పడింది?

#3 బైరాగిపట్టెడ_బంతి

కోర్టు చుట్టూ పరుగు 15 నిమిషాలు, ఒళ్లు సాగదీయడం 10, కోన్లు 20, లేఅప్ వరుసలు 20, ఫ్రీ త్రోలు (ఫౌల్‌కు దక్కే, గీత దగ్గర నిలబడి వేసే షాట్లు) 15, చివర్లో మ్యాచ్ 10. ట్రావెలింగ్ 14 సార్లు పడింది. మా పిల్లలు దాన్ని స్టెప్స్ అంటారు. పద్నాలుగోసారి ఈల వినగానే వాళ్లే నవ్వేశారు.

#4 జెర్సీ_నంబర్_9

మీ సమాధానం #3లో మీరే రాశారు. తొంభై నిమిషాల్లో ఆట పది నిమిషాలు. మిగిలిన ఎనభై నిమిషాల్లో పిల్లల ఎదుట ప్రత్యర్థి లేడు, ఆలోచించాల్సిన అవసరమూ లేదు. కోన్ చేయి చాపి బంతి లాక్కోదు, పక్కకు జరగదు. కోన్ల మధ్య పిల్లవాడు నేర్చుకునేది కోన్లను దాటడమే. మనిషిని దాటాలంటే ముందు ఆ మనిషి బరువు ఏ కాలి మీద ఉందో చూడాలి, చూడాలంటే తల ఎత్తాలి. మీ పిల్లవాడు తల దించుకున్నాడంటే ఏడాది పాటు తల ఎత్తే అవసరం వాడికి రాలేదని అర్థం.

లేఅప్ వరుస లెక్క కూడా ఒకసారి వేసి చూడండి. ఒక్కో రింగు దగ్గర 11 మంది; పరుగు, షాట్, బంతి తెచ్చి తర్వాతివాడికి ఇవ్వడం కలిపి ఎనిమిది సెకన్లు అనుకుంటే, ఒకసారి వేసినవాడికి మళ్లీ వంతు రావడానికి దాదాపు నిమిషంన్నర పడుతుంది. ఇరవై నిమిషాల్లో ఒక్కొక్కరికి పదమూడో పద్నాలుగో షాట్లు. మిగిలిన సమయమంతా వరుసలో నిలబడి ముందున్నవాడి చొక్కా లాగడమే పని. నేను ఆడపిల్లల జట్టుకు నేర్పడం మొదలుపెట్టిన కొత్తలో అచ్చం ఇలాగే చేసేదాన్ని, కాబట్టి ఆ చొక్కా లాగుళ్లన్నీ నాకు తెలుసు.

ఇంకొక సంగతి. 1978లో కెర్, బూత్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఎనిమిదేళ్ల పిల్లలతో చిన్న గింజల సంచులను గురికి విసిరించారు. ఒక బృందం పరీక్షలో ఉండబోయే మూడు అడుగుల దూరం నుంచే సాధన చేసింది. రెండో బృందం రెండు అడుగుల నుంచి, నాలుగు అడుగుల నుంచి మాత్రమే విసిరింది, మూడు అడుగుల నుంచి ఒక్కసారి కూడా విసరలేదు. చివరికి మూడు అడుగుల పరీక్షలో మెరుగ్గా విసిరింది రెండో బృందమే. ఒకే చోట నిలబడి ఒకే షాట్ వందసార్లు వేయించడం కంటే, చోటు మారుస్తూ, దూరం మారుస్తూ వేయిస్తే చేతికి లెక్క తెలుస్తుందని నేను దాని నుంచి గ్రహించాను.

రేపటి నుంచి రెండు రింగుల దగ్గరా ముగ్గురికి ముగ్గురు చొప్పున ఆడించండి. 12 మంది ఆటలో ఉంటారు. మిగిలిన పది మందిని అయిదుగురి చొప్పున రెండు వలయాలు చేసి, నలుగురు చుట్టూ నిలబడి బంతి పాస్ చేసుకుంటుంటే మధ్యలో ఉన్నవాడు అందుకునే ఆట ఆడించండి. దానికి నాలుగు బంతులు సరిపోతాయి. మూడు నిమిషాలకొకసారి జట్లు మారాలి. మొదటి వారం ముగ్గురి ఆటలో డ్రిబుల్ పూర్తిగా నిషేధించండి. బంతి చేతికి రాగానే నేల వైపు చూసే అలవాటు దానంతట అదే పోతుంది.

#5 రిటైర్డ్_పీఈటీ

చిత్తూరు జిల్లా పాఠశాలల్లో 34 ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినవాడిగా #4తో నేను ఏకీభవించలేను. ఆటలో పడేస్తే ఆటే నేర్పుతుందనే మాట వినడానికి బాగుంటుంది. మా పల్లెల్లో పిల్లలకు ఈత నేర్పేటప్పుడు నడుముకు బెండు కట్టి గాని బావిలోకి దించేవాళ్లు కాదు. ఆగడం రాని, పివట్ (ఒక కాలు నేలకు ఆనించి దాని మీద తిరగడం) తెలియని, ఛాతీ నుంచి పాస్ ఇవ్వడం చేతకాని పిల్లవాణ్ణి ముగ్గురి ఆటలో నిలబెడితే వాడు నేర్చుకునేది గుంపులో పడి గుంజుకోవడం. ఒకసారి పట్టుకున్న దురలవాటును మాన్పించడానికి రెండేళ్లు పడుతుంది. ఆ పద్నాలుగు ట్రావెలింగ్‌లు ఆట తక్కువై పడినవి కావు, కాళ్లకు పాఠం తక్కువై పడినవి.

మేము డిగ్రీ చదువుకునే రోజుల్లో, 1980లో, భారత పురుషుల జట్టు మాస్కో ఒలింపిక్స్‌లో ఆడింది. ఒలింపిక్ బాస్కెట్‌బాల్‌లో మన పురుషుల జట్టు కనిపించింది ఆ ఒక్కసారే. ఆ ఉత్సాహంలో ఇక్కడ ఎర్రమట్టి కోర్టు మీద సున్నంతో గీతలు గీసుకుని, మా గురువుగారు మొదటి నెల మాకు బంతే ఇవ్వలేదు. పరుగెత్తడం, రెండు కాళ్ల మీద ఒకేసారి ఆగడం, తిరగడం, అంతే. కాళ్ల పని ఆ నెలలోనే వచ్చింది.

#6 మూడోలైను_నుంచి

నెల రోజులు బంతి ఇవ్వకపోతే మా బ్యాచ్ మొత్తం క్రికెట్‌కు వెళ్లిపోతుంది సార్. బంతి ఇచ్చినా సగం మంది వెళ్లిపోతున్నారు.

#7 జెర్సీ_నంబర్_9

సార్, బెండు కట్టేవాళ్లన్న మాట నిజమే. మా తాత నాకూ కట్టాడు. కానీ బావి గట్టు మీద పడుకోబెట్టి చేతులాడించమని ఎవరూ ఈత నేర్పలేదు కదా. బెండు కట్టినా నీళ్లలోకే దించారు. అయిదుగురికి బదులు ముగ్గురు, డ్రిబుల్ నిషేధం, సగం కోర్టు, ఇవన్నీ నేను కట్టే బెండ్లే. ఒక్కొక్కటిగా విప్పుతాను. కోన్లు గట్టు మీద ఈత.

కాళ్ల పాఠం కావాలన్న మీ మాటను మాత్రం నేను కాదనను. దానికి నెల అవసరం లేదని, రోజుకు పది నిమిషాలు చాలునని నా అభిప్రాయం.

#8 ఈల_రెఫరీ

బెండు వాదనలో ఈల ఊదేది ఎవరో నాకు తెలియదు గాని, ట్రావెలింగ్ గురించి చెప్పగలను. ఈ వయసు పిల్లల మ్యాచ్‌లలో నేను ఊదే ట్రావెలింగ్‌లలో ఎక్కువ భాగం పరుగులో పడేవి కావు. నిలబడి బంతి అందుకున్న పిల్లవాడు డ్రిబుల్ మొదలుపెట్టేటప్పుడు, బంతి చేతిని వదలకముందే పివట్ కాలు లేపేస్తాడు. దాని కోసం ఆ ఒక్క కదలికను సరిచేస్తే చాలు: ముందు బంతి నేలకు, తర్వాత కాలు పైకి. బంతి అందుకునేటప్పుడు చిన్న గెంతుతో రెండు పాదాలూ ఒకేసారి నేలను తాకేలా ఆగితే, ఏ కాలినైనా పివట్ చేసుకునే వీలుంటుంది కాబట్టి పిల్లలకు అది తేలిక.

పరుగులో పట్టుకునే బంతి విషయం వేరు. 2017లో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా నిబంధన మార్చినప్పటి నుంచి, కదులుతూ బంతి అందుకున్నప్పుడు నేల మీద ఉన్న కాలిని సున్నా అడుగుగా లెక్కించి, ఆ తర్వాత రెండు అడుగులు అనుమతిస్తున్నాము. పాత లెక్క పట్టుకున్న పెద్దలు గట్టు మీద నుంచి స్టెప్స్, స్టెప్స్ అని కేకలు వేస్తుంటారు. వాళ్లలో సగం మంది వ్యాయామ ఉపాధ్యాయులే, క్షమించాలి.

#9 రిటైర్డ్_పీఈటీ

క్షమించాను. కేకలు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

#10 పొట్టోడు_గట్టోడు

ఇంతవరకు ఎవరూ బంతి సంగతి అడగలేదు. ఆ అయిదు బంతులు ఏ సైజువి? పదకొండేళ్ల పిల్లల చేతికి 7వ నంబరు బంతి ఇచ్చి ఫ్రీ త్రో వేయమంటే వాళ్లు నడుము దగ్గర నుంచి, సంగటి కెలికినట్టు, ఒళ్లంతా తిప్పి విసురుతారు. ఆ బంతి చుట్టుకొలత 75 సెంటీమీటర్లకు పైన, బరువు దాదాపు 600 గ్రాములు. 5వ నంబరు బంతి చుట్టుకొలత 70 సెంటీమీటర్ల దగ్గర, బరువు అర కిలో లోపు. మినీ బాస్కెట్‌బాల్‌కు రింగు ఎత్తు కూడా 3.05 మీటర్లు కాదు, 2.60 మీటర్లు. పన్నెండేళ్ల వరకు చాలా దేశాల్లో ఆ ఎత్తులో ఆడిస్తుంటే మనం మాత్రం పిల్లలతో పెద్దల రింగును కొట్టిస్తున్నాము.

నేను చంద్రగిరిలో చిన్నప్పుడు పెద్ద బంతితోనే నేర్చుకున్నాను. మోచేయి బయటికి పోయి, ఎడమ చెవి పక్క నుంచి బంతి వదిలే అలవాటు పడింది. ఇప్పుడు నాకు ముప్పై దాటాయి. ఆ మోచేయి ఇంకా లోపలికి రాలేదు.

#11 మూడోలైను_నుంచి

ఆ రింగు పది అడుగులే ఎందుకు ఉండాలి? ఏదో శాస్త్రీయమైన కారణం ఉంటుంది కదా.

#12 పొట్టోడు_గట్టోడు

ఏ శాస్త్రమూ లేదు తమ్ముడూ. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ రెండు పీచ్ పండ్ల బుట్టలను వ్యాయామశాల బాల్కనీ అంచుకు మేకులతో కొట్టించాడు. ఆ బాల్కనీ పది అడుగుల ఎత్తున ఉంది. ఆ మొదటి ఆటలో తొమ్మిది మందికి తొమ్మిది మంది, అంటే 18 మంది పెద్దవాళ్లు ఒకే బంతి కోసం పోరాడారు. కాబట్టి #1 గారు మరీ దిగులు పడనక్కరలేదు, ఆయన దగ్గర 22 మందికి ఐదు బంతులున్నాయి.

#13 బైరాగిపట్టెడ_బంతి

ఐదూ 7వ నంబరువే. ఎదిగే పిల్లలు కదా, పెద్ద సైజు కొంటే నాలుగేళ్లు వస్తుందని బూట్లు కొన్నట్టు కొన్నాము.

#14 మూడోలైను_నుంచి

షాట్ ఎలా వేసినా పడితే చాలు కదా అని నా అనుమానం. అమెరికా ఆటగాడు రిక్ బ్యారీ రెండు చేతులతో మోకాళ్ల మధ్య నుంచి ఫ్రీ త్రో వేసి దాదాపు 90 శాతం వేశాడు. సంగటి కెలికినట్టే వేశాడు!

#15 జెర్సీ_నంబర్_9

ఫ్రీ త్రోకు నీ ముందు ఎవరూ చేతులెత్తి నిలబడరు కాబట్టి బ్యారీకి చెల్లింది. ఆటలో నడుము దగ్గర నుంచి బంతి లేపితే కొట్టేస్తారు. అమెరికా ఆటగాడు స్టెఫెన్ కరీ హైస్కూలు రోజుల్లో తక్కువ ఎత్తు నుంచే షాట్ వేసేవాడు. తండ్రి డెల్ కరీ ఒక వేసవి అంతా కూర్చోబెట్టి బంతి వదిలే చోటును తల పైకి మార్పించాడు. ఆ వేసవిలో కరీకి దూరం నుంచి బంతి రింగును అందేదే కాదు, ఏడ్చిన రోజులూ ఉన్నాయని చెబుతారు. కష్టపడి మార్చుకోవచ్చు. కానీ చిన్న బంతితో మొదలుపెడితే ఆ ఏడుపే ఉండదు.

#16 అమ్మాయి_నాన్న

నేను కోచ్‌ను కాదు, తండ్రిని. మా పాప పన్నెండేళ్లకే తోటి పిల్లల కంటే జానెడు ఎత్తు ఉండేది. అప్పటి కోచ్ ఆమెను రింగు కింద నిలబెట్టి, బంతి అందుకో, వెయ్యి, అంతే చాలు అన్నాడు. డ్రిబుల్ చేయబోతే అరిచేవాడు, అది నీ పని కాదని. ఆ రెండేళ్లు జట్టు మండలంలో ఎవరికీ ఓడలేదు, మేమూ ఫోటోలు పెట్టుకుని మురిసిపోయాము. పదిహేనేళ్లు వచ్చేసరికి మిగిలిన పిల్లలు ఎదిగారు, మా పాప ఎత్తు అక్కడే ఆగింది. అప్పుడు ఆమెకు దూరం నుంచి షాట్ రాదు, బంతి తీసుకుని నడవడం రాదు, పాస్ ఎవరికి ఇవ్వాలో తెలియదు. జట్టులో చోటు పోయింది. ఆ బూట్లు ఇప్పటికీ అటక మీద ఉన్నాయి.

#1 గారిని వేడుకునేది ఒక్కటే. ఎవరు ఎంత ఎదుగుతారో పన్నెండేళ్లప్పుడు ఎవరికీ తెలియదు. అందరికీ అన్నీ నేర్పండి.

#17 పొట్టోడు_గట్టోడు

#16 చదివి మనసు కలుక్కుమంది. నా కథ దీనికి తలకిందులు. నన్ను ఎత్తు లేదని రెండేళ్లు బెంచీ మీద కూర్చోబెట్టారు, అక్కడ కూర్చుని ఎవరు ఎటు పరుగెత్తుతున్నారో చూడడం నేర్చుకున్నాను. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని ఊరికే అనలేదు. మగ్సీ బోగ్స్ ఎత్తు 1.60 మీటర్లు, అమెరికా వృత్తి ఆటగాళ్ల లీగ్ అయిన ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు. మన సత్నామ్ సింగ్ ఏడడుగులు దాటిన మనిషి; 2015లో డల్లాస్ జట్టు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 52వ ఎంపికగా తీసుకుంది, ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి భారతీయుడు. ఆయనకూ ఎన్‌బీఏ మ్యాచ్ ఆడే అవకాశం మాత్రం రాలేదు. ఎత్తు గుమ్మం దాకా తీసుకువెళ్తుంది.

#18 పుత్తూరు_మోకాలు

ఫిజియోథెరపిస్టుగా రెండు మాటలు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. తల్లిదండ్రులు ఇంకా పరుగెత్తించమంటున్నారని #1లో చదివి భయమేసింది. మన తిరుపతిలో దమ్ము కోసం పిల్లలను వారానికి రెండుసార్లు అలిపిరి మెట్లు ఎక్కించి, అదే దారిలో పరుగెత్తుకుంటూ దింపే కోచ్‌లు నాకు తెలుసు. 3,550 మెట్లు. ఎక్కడం వల్ల గుండెకు, తొడలకు మంచిదే. దిగేటప్పుడు ప్రతి మెట్టుకూ మోకాలి చిప్ప కింది నరం లాంటి పట్టీ మీద బరువు పడుతుంది. పదకొండు నుంచి పదిహేనేళ్ల మధ్య, ఎముక గబగబా పెరిగే కాలంలో, మోకాలి కింద ముందు వైపు బొడిపె వచ్చి నొక్కితే నొప్పి అనే పిల్లలు నా దగ్గరకు వరుసగా వస్తుంటారు. దాన్ని ఆస్‌గుడ్ ష్లాటర్ అంటాము. బరువు తగ్గిస్తే చాలావరకు తగ్గిపోతుంది, నొప్పిని అణచుకుని గెంతితే నెలల తరబడి సాగుతుంది. ఎక్కించాలనుకుంటే ఎక్కించండి, దిగేటప్పుడు బస్సులో పంపండి.

ఆడపిల్లలకు ఇంకొకటి. గెంతి దిగేటప్పుడు వాళ్ల మోకాళ్లు లోపలికి, ఒకదాని వైపు ఒకటి వాలడం ఎక్కువగా కనిపిస్తుంది. మోకాలి కీలు మధ్యలో ఉండే ఏసీఎల్ అనే లిగమెంటు తెగే గాయాలు మగపిల్లల కంటే వాళ్లకే ఎక్కువ. రోజూ వార్మప్‌లో అయిదు నిమిషాలు, చిన్న గెంతు వేసి చప్పుడు కాకుండా, మోకాళ్లు కాలి వేళ్ల మీదుగా ఉండేలా దిగడం నేర్పండి. దిగిన చప్పుడు మీ చెవికి వినపడిందంటే మళ్లీ చేయించండి.

#19 మూడోలైను_నుంచి

నా చూపుడు వేలికి బంతి తగిలి వాచింది. మా అమ్మమ్మ పుత్తూరు కట్టు కట్టిద్దాం పద అంటోంది. మీ పేరు చూసి అడుగుతున్నాను.

#20 పుత్తూరు_మోకాలు

ఆ ఊరివాణ్ణి కాబట్టి కట్టును తక్కువ చేసి మాట్లాడను, మా ఇంటి ముందు నుంచే అంబాసిడర్ కార్లు ఆ వైపు వెళ్లేవి. కానీ ముందు ఎక్స్‌రే తీయించు. వేలి కొసను నీ అంతట నువ్వు నిటారుగా చాపలేకపోతే ఈరోజే తీయించు. స్నేహితుల చేత మాత్రం లాగించుకోకు.

#21 రిటైర్డ్_పీఈటీ

రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. #7లో ఆ అమ్మాయి గట్టు మీద ఈత అన్న మాట నాకు కొంచెం గుచ్చుకుంది. మా గురువుగారు నెల రోజులు బంతి ఇవ్వలేదన్నది నిజమే. ఆ నెలలో ముప్పై మందిమి కాస్తా పదకొండు మందిమి అయ్యామన్నది నేను రాయలేదు. కాళ్ల పని మిగిలిన పదకొండు మందికే వచ్చింది.

అయినా ఒకటి వదులుకోను. మొదటి రోజు పిల్లలకు మేజోళ్లు తొడుక్కోవడం నేర్పాలి. అమెరికాలో యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయ జట్టు కోచ్ జాన్ వుడెన్, 1964 నుంచి 1975 మధ్య పది జాతీయ ఛాంపియన్‌షిప్‌లు గెలిచిన మనిషి, ప్రతి ఏడాదీ మొదటి రోజు తన ఆటగాళ్లకు ముడత లేకుండా మేజోళ్లు తొడుక్కుని బూటు తాళ్లు బిగించుకోవడం దగ్గరుండి చూపించేవాడు. ముడత పడితే బొబ్బ, బొబ్బ వస్తే రెండు రోజులు ఆట పోయింది. మన ఏప్రిల్ ఎండకు కాలిన సిమెంటు మీద సాయంత్రం ఆరింటికి కూడా పాదాలు ఉడుకుతాయి, కాబట్టి ఇది వాళ్లకంటే మనకే ఎక్కువ అవసరం.

ఆయన 1974-75 సీజన్ ప్రాక్టీసులను ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కూర్చుని ఒక్కొక్క మాటా లెక్క రాసుకున్నారు. ఆయన నోటి మాటల్లో దాదాపు ముప్పాతిక వంతు ఏం చేయాలో, ఎలా చేయాలో చెప్పే పొట్టి సూచనలే; పొగడ్తలు తక్కువ, తిట్లు తక్కువ. తప్పు చేసినవాడికి సరైనది చేసి చూపించి, వాడు చేసిన తప్పును చేసి చూపించి, మళ్లీ సరైనది చేసి చూపించేవాడు. నేను 34 ఏళ్లలో తిట్లకే ముప్పాతిక ఖర్చు పెట్టానేమోనని ఇప్పుడు అనిపిస్తోంది.

#22 ఈల_రెఫరీ

నేను మీ చేతి కింద ఎనిమిదో తరగతి చదివాను సార్. ముప్పాతిక కాదు, ఇంకొంచెం ఎక్కువే.

#23 బైరాగిపట్టెడ_బంతి

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

పాత బంతులలో మూడింటిని పెద్ద పిల్లల జట్టుకు ఇచ్చి, వాళ్ల నాన్నల దగ్గర చందా పోగుచేసి 5వ నంబరువి నాలుగు కొన్నాను. పరుగు రౌండ్లు తీసేశాను. మొదటి పది నిమిషాలు #8లో చెప్పిన ఆగడం, పివట్, ముందు బంతి తర్వాత కాలు. అయిదు నిమిషాలు చప్పుడు లేకుండా దిగడం. ఆ తర్వాత గంట పైన ముగ్గురి ఆట. డ్రిబుల్ నిషేధించిన మొదటి రోజు ఘోరం. అందరూ బంతి ఉన్నవాడి చుట్టూ చేరి చేతులు చాపి నాకు, నాకు అని అరిచారు. ఒక తండ్రి గేటు దగ్గర నిలబడి, ఇదేం కోచింగ్ నాయనా, సంతలో ఉన్నట్టుంది అన్నాడు. నాలుగో రోజుకు ఒక అమ్మాయి గుంపులోంచి వెనక్కి నడిచి, ఖాళీగా ఉన్న మూలలో ఊరికే నిలబడింది. అరవలేదు, చేయి మాత్రం ఎత్తింది. బంతి వచ్చింది. షాట్ పడలేదు గాని, ఆ సాయంత్రం ముగిసేలోపు మూల కోసం నలుగురు పోటీ పడ్డారు. నేను ఆ మూల గురించి ఏడాదిలో ఒక్కసారి కూడా చెప్పలేదు.

నిన్న అదే చిత్తూరు జట్టు మా దగ్గరకు వచ్చింది. 24-19తో మళ్లీ ఓడిపోయాము. ట్రావెలింగ్ అయిదుసార్లు. #1లో రాసిన అబ్బాయి రెండో భాగంలో బంతి అందుకున్నాడు, ఎదుటివాడు చేతులు చాపి నిలబడ్డాడు. వాడు నా వైపు చూడలేదు. ఎదుటివాడి పాదాల వైపు చూసి, ఎడమ వైపు ఒక్క డ్రిబుల్ వేసి, మూలకు పాస్ ఇచ్చాడు. పాస్ కొంచెం ఎత్తుగా పోయి గీత దాటింది. నాకు కేక వేయాలనిపించి నోరు మూసుకున్నాను. తర్వాత నీళ్లు తాగేటప్పుడు ఏం చూశావురా అని అడిగితే, వాడి కుడి కాలు ముందుకుంది సార్, అందుకే ఎడమకు పోయినా అన్నాడు.

ఫ్రీ త్రోలు మాత్రం అలాగే ఉన్నాయి, తొమ్మిదిలో రెండు పడ్డాయి. దానికేం చేయాలి?

#24 జెర్సీ_నంబర్_9

వరుసలో నిలబెట్టి పదిహేను నిమిషాలు వేయించకండి. ఆట మధ్యలో, రొప్పుతున్నప్పుడు ఆపి ఒక్కొక్కరితో రెండు మాత్రమే వేయించండి. మ్యాచ్‌లో ఫ్రీ త్రో వచ్చేది అలాగే. చిన్నవాళ్లకు 4.6 మీటర్ల గీత కూడా దూరమే. ఒక మీటరు ముందుకు సున్నంతో ఇంకో గీత గీసుకోండి.

#25 అమ్మాయి_నాన్న

మూలలో చేయి ఎత్తిన ఆ అమ్మాయి ఎత్తుగా ఉంటుందా?

#26 బైరాగిపట్టెడ_బంతి

లేదు సార్, జట్టులో అందరికంటే పొట్టి.

#27 పొట్టోడు_గట్టోడు

నేను చెప్పలేదా!

#28 రిటైర్డ్_పీఈటీ

తక్కువ ఎత్తు రింగు సంగతి ఏమైంది?

#29 బైరాగిపట్టెడ_బంతి

కొర్లగుంటలో వెల్డింగ్ చేసే అతనికి కొలతలు ఇచ్చాను సార్. ఇప్పుడున్న స్తంభానికే 2.60 మీటర్ల దగ్గర కొక్కేలతో తగిలించి, పెద్దవాళ్లు ఆడేటప్పుడు తీసేసేలా అడిగాను. ఇంత వెడల్పు రింగు పూలకుండీకా అని రెండుసార్లు అడిగాడు. ఆదివారం ఉదయం ఆరున్నరకు బిగిస్తాము.

#30 రిటైర్డ్_పీఈటీ

కొక్కేల మీద పిల్లలు వేలాడతారు, బోల్టులు పెట్టించు. నేను మొదటి బస్సుకు వస్తాను. నోరు మూసుకునే కూర్చుంటాను. ఏమైనా తేవాలా?

#31 బైరాగిపట్టెడ_బంతి

బంతికి గాలి కొట్టే సూది ఒకటి తెండి సార్, మా దగ్గరున్నది మొన్న లోపలే విరిగిపోయింది.